బిడ్డల మాటకు చెవియొగ్గిన గురువు: గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జీవితము

బిడ్డలను ప్రేమింపని తల్లిదండ్రులు లోకమున అరుదు. బిడ్డలను గౌరవించువారు అంతకంటెను అరుదు. ప్రేమించుట మనకు స్వభావసిద్ధము. గౌరవించుట అట్లుకాదు, అది నేర్చుకొనవలసిన ధర్మము. చిన్నవాని నెత్తుకొని ముద్దాడుదుము, పండుగకు క్రొత్తబట్టలు కట్టుదుము, జబ్బుచేసినచో రాత్రులు మేలుకొందుము. కాని వాడేదైన చెప్పబోయినప్పుడు, పెద్దల మాటలలోనికి రావలదని గద్దింతుము. చెప్పినదాని యర్థమును విచారింపక మునుపే పలికిన తీరులో తప్పు పట్టుదుము. సర్వమానవులును ఒక్క తండ్రి సంతానమని ప్రార్థనలయందు చెప్పుకొను మనమే, ఇంటిలోని యైదేండ్ల బిడ్డను ఆ సమానత్వమునుండి మినహాయింతుము. బిడ్డ పెద్దలతో సమానుడనగా, పెద్దలకున్న జ్ఞానమంతయు వానికి కలదని యర్థము కాదు. వాని మనస్సును మన మనస్సువలెనే యొక నిండుమనస్సని యెంచుట, వాని మాట వినదగినదని తలచుట, అదియే యందలి యర్థము.

ఈ ధర్మము మన నిర్మల్ ప్రాంతమువారికి మిక్కిలి యవసరమైనది. ఈ సీమలో తెలుగు, మరాఠీ, ఉర్దూ, గోండి భాషలు ఒక్క సంతలోనే వినవచ్చును. ఇచ్చటి బొమ్మలు చేయు పనివారు పొణికికొయ్య స్వభావ మెఱిగియే ఉలి పట్టుదురు. కొయ్యకే యింత మన్నన చూపు ఊరిలో బిడ్డల స్వభావమునకు ఎంత మన్నన జరిగినది? 1948వ సంవత్సరము వఱకు సాగిన నిజాముల పాలనలో పైతరగతుల బోధన ఉర్దూలో జరుగుచుండెను. ఇంట తెలుగు పలికిన బాలుడు బడి గడప దాటగానే తన మాటను వెలుపల విడిచి పోవలసియుండెను. గోండు బిడ్డకైతే తన భాషలో తొలితరగతియు చిరకాలము లేదు.

మాటకు జరిగిన అవమానమెట్టిదో ఈ ప్రాంతపు పెద్దలకు తెలియనిదికాదు. 1921 నవంబరులో హైదరాబాదున సంఘసంస్కారమునకై యొక సభ కూడినది. స్త్రీవిద్యకై పాటుపడిన కర్వే పండితు లధ్యక్షులు. ఆలంపల్లి వేంకట రామారావుగారను న్యాయవాది ఆ సభలో తెలుగున ప్రసంగింపబోగా, సభికులలో కొందరు అల్లరిచేసి హేళన చేసిరి. ఆ నొప్పినుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. సంస్కారమును కోరి కూడిన సభలోనే ఒకని మాతృభాష నవ్వులపాలయ్యె నన్నది మనము మఱవరాని విషయము. చదువుకొన్న పెద్దమనుష్యునికి ఒక్కనాడు కలిగిన ఆ యవమానము బడిలోని బిడ్డకు ప్రతిదినము కలుగుచుండిన వాడేమి కావలెను? వాడు సభ విడిచి పోలేడు, సంఘము స్థాపింపలేడు. తలవంచుకొని ఊరకుండును. ఆ ఊరకుండుటను మనము వినయమని మెచ్చుకొందుము.

బిడ్డ నాలుకనుండి ఈ సిగ్గును తొలగింపవలెనని తన జీవితమంతయు ధారపోసిన తెలుగువా డొకరు కలరు. వారు మన గోదావరీతీరమునకు చాల దూరమున, మహేంద్రగిరి ప్రాంతమందలి పర్లాకిమిడిలో పనిచేసిరి. అక్కడను మన సీమలోవలెనే కొండలును, అడవులును, లిపిలేని భాషను పలుకు కొండజనులును ఉండిరి. వారి పేరు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళమునకు సమీపమున నున్న పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీరరాజుగారు రెవెన్యూ ఉద్యోగి. బాలునికి పండ్రెండేండ్లు నిండునప్పటికి, 1875లో, తండ్రి గతించెను. బంధువుల యాశ్రయమున విజయనగరములో చదువు సాగించి 1879లో మెట్రిక్యులేషన్ పరీక్ష యందుత్తీర్ణుడయ్యెను. తరువాత కన్యాశుల్కమును రచించి కీర్తిగాంచిన గురజాడ అప్పారావుగారు ఆయనకు చదువుకొన్ననాటి చెలికాడు. 1880లో, పదునేడేండ్ల ప్రాయమున, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పది రూపాయల జీతముపై రామమూర్తిగారు ఉపాధ్యాయులైరి. తన శిష్యులకంటె ఎంతో పెద్దవాడు కాని ఆ యువకుడు నాటినుండి మూడు దశాబ్దములు ఆ యూరనే బోధించెను. చరిత్ర బోధించుటతో తృప్తి చెందక, సమీపమున ముఖలింగ దేవాలయమందలి శాసనముల లిపిని ఎవరి సాయమును లేక స్వయముగా నేర్చి, వానిని చదివి, వానిపై వ్యాసములు ప్రకటించెను. చచ్చిన రాజుల మాటలను రాళ్లనుండి వినగల ఓర్పు ఆయనకు కలదు. ఆ యోర్పునే ఆయన తరువాత బ్రదుకుచున్న పేదబిడ్డల మాటలకు వినియోగించెను.

పర్లాకిమిడికి చుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. వారు అక్షరము లెఱుగకుండుటచే వర్తకులచేతను చిల్లర యధికారులచేతను మోసపోవుచుండిరి. నాటి విద్యావంతులలో పెక్కురు వారిని అడవిమనుష్యులని తలచి ఊరకుండిరి. వారికి చదువు చెప్పవలెనని తలచిన కొందరికిని, ముందుగా వారిచేత తెలుగు పలికించి ఆ పిమ్మట చదివింపవలె నన్న యూహయే సహజముగా తోచెను. రామమూర్తి పంతులుగారు త్రోవ మార్చిరి. బోధింపబోవువాడే మొదట విద్యార్థి కావలెనని నిశ్చయించుకొనిరి. తెలుగును సవరయు తెలిసిన యొకనిని తన యింటనే యుంచుకొని, వానియొద్ద సవరభాషను నేర్చుకొనిరి. ఒక బ్రాహ్మణ గృహస్థు, ఉన్నతపాఠశాలలో గురుస్థానమున నున్నవాడు, కొండవాని యెదుట కూర్చుండి పలుకులు దిద్దించుకొనుట ఆ కాలమున సామాన్యమైన పని కాదు. సమానత్వమును గూర్చి యుపన్యసించుట సులభము. మనకంటె తక్కువవాడని లోకమనుకొను వానియొద్ద తప్పులు పలికి, వానిచేత సరిచేయించుకొనుట కష్టము. ఈ కష్టమైన త్రోవనే పంతులుగారు వరించిరి.

భాష కొంత పట్టుబడిన పిమ్మట, సవరబిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పుటకై తమ సొంత ధనముతో బడులు పెట్టి, ఉపాధ్యాయుల జీతములు తామే ఇచ్చిరి. అంతలో మఱియొక చిక్కు కలిగెను. తెలుగు అయ్యవార్లకు సవర రాదు. సవరభాషలో పుస్తకములు లేవు. కావున వాచకములను, కథలను, పాటలను, తెలుగు సవర నిఘంటువులను పంతులుగారే సిద్ధముచేసిరి. మదరాసు ప్రభుత్వమువారు 1911 ప్రాంతమున ఆ పుస్తకములకు పారితోషిక మీయబోగా, వారు దాని నంగీకరింపక, ఆ ధనముతో సవరబిడ్డలకు వారి భాషలో చదువు చెప్పు బడి నొకదానిని పెట్టుడని కోరిరి. సుమారు ముప్పదియైదేండ్ల పరిశ్రమ ఫలముగా వారు ఇంగ్లీషున రచించిన సవరభాషా వ్యాకరణమును 1931లో ప్రభుత్వమువారు ముద్రించిరి. లిపియు గ్రంథములును లేని భాష అనాగరికమైనదని తలచినవారికి, దానికిని నిండైన వ్యాకరణ మున్నదని ఆ గ్రంథము తెలియజేసెను. బిడ్డ యింటినుండి తెచ్చుకొన్నది తప్పుల మూట కాదు, ఒక క్రమముగల భాష అని యందలి సారాంశము.

ఈ సేవకు వా రిచ్చిన మూల్యము పెద్దది. కాలినడకన అడవులలో తిరుగుటచే వారికి మలేరియా జ్వరము పట్టెను. దాని నణచుటకు క్వినైను మితిమీరి సేవింపగా వారికి చెవుడు కలిగి, జీవితాంతము నిలిచిపోయెను. ఎవరును లక్ష్యపెట్టని మాటలను విననేర్చిన చెవులే ఆ ప్రయత్నములో వినికిడిని గోల్పోయెను. అయినను వారు పనిని విడువలేదు.

సవరబిడ్డలకు వారి భాష కావలెనన్నవారికి, తెలుగుబిడ్డలకు తెలుగే సరిగా లభించుటలేదని తెలియుటకు కొంతకాలము పట్టెను. 1907 ప్రాంతమున యేట్సు దొర ఉత్తరమండలములో పాఠశాలల పరీక్షాధికారిగా నుండి, తెలుగు తరగతులను పరిశీలించెను. బిడ్డలు మాటలాడు తెలుగునకును వాచకములలోని తెలుగునకును పొత్తు కుదురకుండుట చూచి, కారణ మడిగెను. విశాఖపట్టణ కళాశాలాధ్యక్షులు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడవారు, గిడుగువారు ఈ ప్రశ్నను చేపట్టిరి. నాడు తరగతిలో జరుగుచున్న దేమనగా: బాలునికి పాఠములోని విషయము తెలిసినను, దానిని తనకు వచ్చిన మాటలలో వ్రాసినచో తప్పు, తెలియకున్నను, నిఘంటువు పదములను వల్లించి వ్రాసినచో ఒప్పు. తల్లియొద్ద నేర్చిన క్రియాపదము ప్రతిదియు గ్రామ్యమని కొట్టివేయబడుచుండెను. బాలుడు భావించుటకు మాఱు భయపడుట నేర్చుకొనెను. పంతులుగారికి ఇది వ్యాకరణవివాద మొక్కటే కాదు. బోధనకు సంబంధించిన న్యాయాన్యాయ విచారము.

ఎదుటిపక్షమువారు అవివేకులు కారు. జయంతి రామయ్య పంతులుగారివంటి విద్వాంసులు ఆ పక్షమున నుండిరి. ఊరి కొకవిధముగా మాటలాడు భాషలో పుస్తకములు వ్రాసినచో, భాష చెదరిపోవునని, వేయేండ్ల సారస్వతము బిడ్డలకు దూరమగునని వారు భయపడిరి. ఆ భయమున కొంత సత్యము కలదు. పంతులుగారు ప్రాచీన సాహిత్యమును త్రోసివేయు మనలేదు. బిడ్డ తొలియడుగు దాని నేలపై వేయవలెననిరి. నడువ నేర్చినవాడు కొండయెక్కగలడు. స్కూలు ఫైనలు పరీక్షలో వాడుకభాషయందు వ్యాసము వ్రాయుటకు మొదట అంగీకరించిన ప్రభుత్వమువారు పండితుల యాందోళనముచే వెనుకకు తగ్గిరి. పంతులుగారు ఓటమినొందిరి, కాని విరమింపలేదు.

ఈ సందర్భమున మన కందరికి ఆదర్శము కాదగిన యొక విషయము జరిగినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు గద్యరచనలో అర్ధశతాబ్దము గ్రాంథికమునే యవలంబించి యశస్సు గాంచినవారు. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్రభాషా ప్రవర్తక సమాజము వెలసినప్పుడు, డెబ్బదియేండ్ల ప్రాయమున వారు దాని కధ్యక్షులగుట కంగీకరించిరి. రామమూర్తి పంతులుగారు కార్యదర్శులైరి. మూడుమాసములకే, మే 27వ తేదీన, వీరేశలింగముగారు పరలోకగతులైరి. తాము జీవితమంతయు వ్రాసిన తీరుకంటె బిడ్డల మేలు ముఖ్యమని మరణమునకు ముందైన నొప్పుకొనగలుగుట ఎట్టి పెద్దఱికము! బిడ్డల యెదుట మన పొరపాటు నంగీకరింపలేని మనము ఈ వృద్ధుని తలచుకొనవలెను.

అదే సంవత్సరమున రామమూర్తి పంతులుగారు తెలుగు అను మాసపత్రికను నడపిరి. గద్యచింతామణి యను సంకలనమున, పూర్వులును వచనమున వాడుకమాటలను వ్రాసిరని నిదర్శనములు కూర్చిరి. బాలకవిశరణ్యము, ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము అను గ్రంథములలో, గ్రాంథికమే వ్రాయవలెనను పండితుల రచనలలోనే లెక్కలేనన్ని దోషములున్నవని ఎత్తిచూపిరి. ఇది పరిహాసమున కని కొందరు తలచిరి. పెద్దలే తప్పులేక వ్రాయలేని భాషను వ్రాయలేదని పసివానిని దండించుట న్యాయమా యని వారి ప్రశ్న. ఈ చరిత్రమును వ్రాయువాడును గ్రాంథికముననే వ్రాయుచున్నాడు. పంతులుగారి కంట బడినచో ఇందెన్ని తప్పులు గుర్తుపెట్టియుందురో! అలవాటుపడిన పెద్దవాని దోషమును చదువరులు క్షమింతురు. ఆ క్షమయే బిడ్డకును లభింపవలెనని మనవి.

1936 ఏప్రిలు 1వ తేదీన ఒడిస్సా రాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి దానిలో చేరెను. తెలుగువారి కక్కడ అన్యాయము జరిగినదను బాధతో, అర్ధశతాబ్దమునకు పైగా నివసించిన యూరిని పంతులుగారు ఆనాడే విడిచి రాజమహేంద్రవరము చేరిరి. డెబ్బదిరెండేండ్ల వయస్సు, వినికిడి లేదు, ఇల్లు మాఱినది. వ్రాత మాత్రము మానలేదు. 1940 జనవరి 22వ తేదీన మదరాసున దేహము చాలించిరి. తమ వాదము విశ్వవిద్యాలయములలో గెలుచుట వారు చూడలేదు. అది నెఱవేరుటకు తరువాత కొన్ని దశాబ్దములు పట్టెను. వారి జన్మదినమగు ఆగస్టు 29ని ఇప్పుడు తెలుగు భాషాదినోత్సవముగా జరుపుచున్నారు. ఆనాడు వేదికలపై పెద్దలు మాటలాడుదురు. బిడ్డలు మాటలాడగా పెద్దలు వినినచో ఆ దినము మఱింత సార్థకమగును.

ఇక మన జిల్లాకు మరల వత్తము. పంతులుగారు మరణించిన 1940వ సంవత్సరముననే, భూమికై గోండులు సాగించిన పోరాటములో కుమ్రం భీము జోడేఘాటు వద్ద ప్రాణము విడిచెను. అటుపిమ్మట నిజాము ప్రభుత్వము గోండుల స్థితిగతులను విచారించుటకు ఆస్ట్రియా దేశీయుడగు మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫును నియోగించెను. ఆయన వారి నడుమ నివసించి, వారి భాషను నేర్చి, 1943లో నాటి అదిలాబాదు జిల్లాలోని మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము నెలకొల్పించెను. గోండిభాషలో నాగరిలిపితో వాచకములు సిద్ధమయ్యెను. గోండు యువకులే గోండు బిడ్డలకు గురువులైరి. పంతులుగారికిని ఈ యేర్పాటునకును సంబంధము కలదని మేము చెప్పుటలేదు. మహేంద్రగిరి చెంత ఒకరు కనుగొన్న సత్యమును మన కొండలలో మఱియొకరు వేరుత్రోవను చేరి కనుగొనిరి. ముందు వినవలె; పిమ్మట చెప్పవలె.

ఆ ప్రయత్నము పిదప నిలుకడగా సాగలేదు. అయినను విత్తనము చావలేదు. 2004 ప్రాంతమున నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము గిరిజన బాలబాలికలకు మాతృభాషలో తొలిబోధన ప్రారంభించినప్పుడు, ఆ భాషల పట్టికలో పంతులుగారి సవరయు, మన గోండి, కొలామి, కోయ భాషలును చోటుగొనెను. ప్రభుత్వము వాచకములను అచ్చువేయగలదు. వినునట్టి హృదయమును అచ్చువేయలేదు. అది ఇంటనే తయారుకావలెను.

కావున, చదువరులారా, ఈ జీవితమునుండి మన గృహములకు గ్రహింపదగిన దేమి? మనలో పెక్కురు బిడ్డలను కొట్టనివారము. ఆ మాత్రముచే సంస్కర్తల మనుకొందుము. కాని కొట్టకయే నోరు మూయింపవచ్చును. బిడ్డ ఒక సంగతి చెప్పుచుండగా పత్రికనుండి తల యెత్తకుండుట ఒక విధమైన దెబ్బ. వాడు తప్పుపలికిన మాటను చుట్టములముందు అనుకరించి నవ్వుట మఱియొక దెబ్బ. బడిలో నేర్చిన భాషలో మాటలాడుమని బలవంతపెట్టి, అవ్వయొద్ద నేర్చిన మాటను మోటని విసరికొట్టుట అన్నిటికంటె పెద్దదెబ్బ. ఏలయన, దానివలన బిడ్డ తన మాటతో కూడ అవ్వనే సిగ్గుపడి విడుచును. నేడు మన పట్టణములలో ఇంగ్లీషు చదువుకై బిడ్డల నంపు తల్లిదండ్రు లీ విషయమును ప్రత్యేకముగా విచారింపవలెను. ఇంగ్లీషు నేర్పవచ్చును, నేర్పవలెను. ఇంటిమాటను దోషముగా నెంచి నేర్పినచో, చేతికి పుస్తకమిచ్చి నాలుకకు సంకెల వేసినట్లగును.

మన బిడ్డల విషయమున ఈ మాత్రము జాగ్రత్త పడినను చాలదు. మన యింట పనిచేయువారి బిడ్డయు ఇంటిముంగిట కూర్చుండి యుండును. మన బిడ్డను మీరని పిలుచుటయో, నీవని పిలుచుటయో వారివారి యింటి యాచారము. ఆ రెండవ బిడ్డను ఓరీ యనియో ఓసీ యనియో పిలుచుట ఆచారము కాదు, అహంకారము. పంతులుగారు సవరవాని యెదుట శిష్యుడై కూర్చున్నప్పుడు ఆ యహంకారమును విడిచిరి. ఆ బిడ్డ పేరు మనకు తెలియునా? వాడింట నే భాష మాటలాడునో తెలియునా? వాడు తెలిసిన చెట్లలో, పిట్టలలో, పాటలలో ఒక్కటైన వానినుండి నేర్చుకొంటిమా?

ఈ సాయంకాలము మీ బిడ్డ యేదైన చెప్పుటకు వచ్చినప్పుడు, చేతిలోని పనిని క్రింద బెట్టి, వాని యెత్తునకు వంగి, ముగియువఱకు వినుడు. పలుకులోని తప్పును రేపు దిద్దవచ్చును. నేడు వాడు చెప్పినదానికి ప్రత్యుత్తర మిండు.